కెప్టెన్ గారి పళ్ళెం

కాలీఫ్లవర్‌ను అన్నంలా కనిపించేట్టు తురమడానికి ముప్పావు గంట పడుతుంది. దాన్ని తినడానికి ఆయనకు ఏడు నిమిషాలు. ఆమె ఒకరోజు పొయ్యి పక్కన నిలబడి గోడ గడియారం చూసి మరీ తేల్చుకుంది. తురిమిన దాన్ని గుడ్డలో మూటకట్టి నీళ్ళు పిండాలి, లేకపోతే ముద్దయిపోతుంది. ఆ తర్వాత కొబ్బరినూనెలో, మూత పెట్టకుండా, పొడిపొడిగా వేయించాలి. ఆయన మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని "అచ్చం అన్నమే!" అంటాడు. ఆమె పక్క పొయ్యి మీద అత్తగారి కోసం ఉడుకుతున్న అసలు అన్నం కేసి ఒక చూపు చూసి, చేతికి అంటిన తురుము కడుక్కుంటుంది. ఆరు నెలలుగా ఆ ఇంట్లో ఇదే వరస.

"మీరు బరువు తగ్గకపోతే జీవితాంతం మాత్రలు మింగాలి" అని డాక్టరు బెదిరించడంతో మొదలైంది ఇదంతా. ఆయన పనిచేసే రవాణా కంపెనీలో ఎవరో పేలియో గ్రూపులో చేరి ఇరవై కిలోలు తగ్గారట. ఆయనా చేరాడు. చేరిన రోజే ఇంటిల్లిపాదినీ కూర్చోబెట్టి, ఆదిమానవుడు తిన్నదే మనిషి తినాలనీ, బియ్యం, గోధుమలు, పప్పులు, పంచదార, పాలు ఇవన్నీ వ్యవసాయం నేర్చుకున్నాక మనిషికి చుట్టుకున్న పీడలనీ ప్రసంగించాడు. ఇకనుంచి మాంసం, చేపలు, గుడ్లు, ఆకుకూరలు, బాదం గింజలు, అంతే. ఆదిమానవుడు వేటకైనా వెళ్ళేవాడు, ఈయన మంచినీళ్ళ కోసం ఫ్రిజ్ దాకా కూడా రాడు కదా అని ఆమెకు నవ్వొచ్చింది. వేట నుంచి వచ్చినవాడికి గుహలో వండిపెట్టింది ఎవరో, ఆవిడ ఏం తిన్నదో ఆ పుస్తకాల్లో రాశారా అని అడగాలనిపించింది. అడగలేదు. నిజానికి ఆమెకు ఆ తిండి పద్ధతి నచ్చింది. ల్యాబ్‌లో పదిహేడేళ్ళుగా జనానికి రక్తం తీసే మనిషి, చక్కెర జబ్బు ఏం చేస్తుందో ఆమెకు ఎవరూ చెప్పక్కర్లేదు. "అందరం ఇదే తిందామండీ, ఒకటే వంట అవుతుంది" అంది ఆశగా.

"అంత మాంసం, అన్ని బాదం గింజలు అందరికీ అంటే ఎలా? ఎవరికి అవసరమో వాళ్ళకి" అన్నాడాయన. తర్వాత కొంచెం మెచ్చుకోలుగా, "నీకేం, గట్టి శరీరం. నువ్వెంత తిన్నా ఒంటికి పట్టదు" అని కూడా అన్నాడు.

అలా ఒక వంట మూడు వంటలయింది. ఆయనకు ఆదిమానవుడి వంట. పళ్ళు ఊడిన అత్తగారికి మెత్తటి అన్నం, కారం లేని కూర. పదిహేనేళ్ళ కూతురికి బాక్సులోకి రొట్టెలు, వేపుడు. ఆమె కోసం నాలుగో వంట లేదు. ఆమె తిండి ఎక్కడ పడితే అక్కడ ఉండేది. కుక్కర్ అడుగున మాడిన అన్నం, అత్తగారు "ఇవాళ అరగలేదమ్మాయ్" అని తోసేసిన సగం కంచం, కూతురి బాక్సులోంచి తిరిగొచ్చిన చల్లటి రొట్టెలు, ఆయన ముక్కలన్నీ ఏరుకున్నాక మిగిలిన పులుసు, దానితో కలుపుకోవడానికి మరికాస్త అన్నం. కూర్చుని తినేంత సమయం ఎప్పుడూ లేదు. సింకు దగ్గర నిలబడి, ఒక చేత్తో గిన్నె పట్టుకుని, రెండో చేత్తో కొళాయి తిప్పుతూ తినేది. ఏడున్నరకల్లా ల్యాబ్‌లో ఉండాలి. పరగడుపున రక్తం ఇవ్వడానికి వచ్చినవాళ్ళు అప్పటికే బయట బల్లల మీద ఆకలితో చిరాకుపడుతూ ఉంటారు.

ఇంతటితో అయిపోతే అది మామూలు సంసారమే. గ్రూపుకు ఒక నియమం ఉంది. ప్రతి సభ్యుడూ రాత్రి ఎనిమిదికల్లా ఆ రోజు ఏం తిన్నాడో, ఎంత తిన్నాడో, ఎలా వండాడో రాసి, పళ్ళెం ఫోటోతో సహా ఫోన్‌లో పెట్టాలి. మొదటి రోజు ఆయన ఫోను పట్టుకుని వంటింటి గుమ్మంలో నిలబడి "పొద్దున నేను తిన్నది ఏంటే?" అని అడిగాడు. రెండో రోజు, "అందులో నూనె ఎంత పోశావు?" మూడో రోజు ఫోనే ఆమె చేతిలో పెట్టేశాడు. "నీకైతే అన్నీ తెలుసు, టకటకా రాసేస్తావు." అప్పటినుంచి ఆయన పేరుతో ఆమె రాసింది. ఈ రోజు నేను మూడు గుడ్లు తిన్నాను. ఈ రోజు నేను చేపను నిమ్మరసంలో నానబెట్టి పెనం మీద కాల్చాను. నాలుగో వారానికి గ్రూపులో అందరూ ఆయన వంటల కోసం ఎదురుచూడడం మొదలెట్టారు. ఎముకల సూపు వాసన రాకుండా ఏం చేయాలి సార్? బాదం పిండితో రొట్టె విరిగిపోతోంది సార్. ఆమె బస్సులో వెళ్తూ, ల్యాబ్‌లో విరామంలో జవాబులు ఆలోచించుకుని, సాయంత్రం ఇంటికొచ్చి ఆయన ఫోన్‌లో రాసేది. ఎవరికో తన మాట పనికొచ్చిందంటే ఒంట్లో చిన్న వెలుగు. వాళ్ళు "ధన్యవాదాలు సార్, మీరు దేవుడు" అని రాస్తే, సోఫాలో కూర్చున్న దేవుడికి ఆమే చదివి వినిపించేది. ఆయన కాలు ఊపుతూ వినేవాడు.

గ్రూపు నడిపే కోచ్ ఆయన్ను కెప్టెన్‌ను చేశాడు. ఆయన పద్నాలుగు కిలోలు తగ్గాడు. చొక్కాలు వదులయ్యాయి, నడకలో ఠీవి వచ్చింది. ఈ వచ్చే ఆదివారం పెద్ద హాల్లో సభ పెట్టి కెప్టెన్ గారికి సన్మానం చేస్తారట. ఆ సభలో చదవాల్సిన ప్రసంగం కూడా ఆమే రాయాలి. "నా పట్టుదల గురించి కాస్త గట్టిగా రాయి" అన్నాడు.

బుధవారం పొద్దున ల్యాబ్‌లో రద్దీ తగ్గాక, రీఎంట్రీ అక్క ఆమె దగ్గరకొచ్చి మొహమాటంగా నిలబడింది. ఆ అక్కకు ఆ పేరు పెట్టింది ల్యాబ్ కుర్రకారు. పిల్లల్ని పెంచడానికి పన్నెండేళ్ళు ఇంట్లో ఉండిపోయి, మళ్ళీ ఇప్పుడు యాభై దగ్గరపడ్డాక ఉద్యోగంలోకి వచ్చింది. సూది పట్టుకుంటే చెయ్యి వణుకుతోంది. "ఎవరి చెయ్యయినా ఒకసారి ఇస్తే అలవాటు చేసుకుంటానమ్మా. పేషెంట్ల మీద చేస్తే నరం తప్పి తిడుతున్నారు" అంది. ఆమె నవ్వి చెయ్యి చాపింది. "నా నరాలు రోడ్డులా ఉంటాయి అక్కా, గుచ్చేయండి." రెండోసారికి నరం దొరికింది. ఊదారంగు మూత ట్యూబు నిండింది. రీఎంట్రీ అక్క కళ్ళలో నీళ్ళు. ఆమె దూది అదిమిపెట్టుకుని తర్వాతి పేషెంటును పిలిచింది.

సాధన కోసం తీసిన రక్తాన్ని ఎర్ర సంచిలో పారేయాలి. రీఎంట్రీ అక్క పారేయలేదు. ఆవిడ పనిచేసిన రోజుల్లో ట్యూబు నిండిందంటే అది పరీక్షకు వెళ్ళాల్సిందే. పైగా తప్పు చేస్తానేమోనన్న భయం. ఆ భయంతోనే అన్నీ పద్ధతి ప్రకారం చేసింది. ట్యూబును మెల్లగా ఎనిమిదిసార్లు తిప్పింది, పేరు ఉండాల్సిన చోట 'ప్రాక్టీసు' అని కొట్టి లేబుల్ అంటించింది, ఊదా మూత కదా అని మూడు నెలల చక్కెర సగటు పరీక్షకు టిక్కు పెట్టి, మిగతావాటితో పాటు స్టాండులో గుచ్చింది. మెషీనుకు మొహమాటం తెలియదు. అది పరీక్ష చేసేసింది.

మధ్యాహ్నం పాథాలజీ డాక్టరమ్మ చేతిలో కాగితంతో బయటికొచ్చింది. "ఈ ప్రాక్టీసు అనే మనిషి ఎవరు? వెంటనే డాక్టరుకు చూపించుకోమనండి."

రీఎంట్రీ అక్క పాలిపోయింది. "నేనేదో తప్పు చేశాను మేడమ్..." అని నీళ్ళు నమలసాగింది. ఆమె డాక్టరమ్మ చేతిలోంచి కాగితం తీసుకుంది. తొమ్మిది పాయింట్ ఒకటి. ఆరున్నర దాటితేనే చక్కెర జబ్బు. ఇలాంటి అంకె చూస్తే రిపోర్టు కవర్లో పెడుతూ ఆమె ఎప్పుడూ ఒకే మాట అనుకునేది. పాపం, ఈ మనిషి తనను తాను బొత్తిగా పట్టించుకున్నట్టు లేదు.

"నాదే మేడమ్" అంది.

డాక్టరమ్మ కళ్ళద్దాలు తీసింది. "ఆఖరుసారి ఎప్పుడు చేయించుకున్నావు?"

"కడుపుతో ఉన్నప్పుడు మేడమ్."

"పాపకిప్పుడు ఎన్నేళ్ళు?"

"పదిహేను."

డాక్టరమ్మ చీటీ మీద ఒక డాక్టరు పేరు రాసి చేతిలో పెట్టింది. ఆమెకు సిగ్గనిపించింది. నిన్ననే ఆ ఇద్దరూ కలిసి రెండు వందల ట్యూబులు చూశారు. రోజూ వచ్చే అంతమందిలో ఆమె ఒక్కరోజు కూడా లేదు. పరగడుపున రమ్మని లోకానికంతా చెప్పే మనిషికి, తన కడుపు గురించి ఎవరైనా అడుగుతారేమోనన్న ఆలోచనే రాలేదు.

అదే భవనంలో పై అంతస్తులో ఉండే డాక్టరు మాత్రలు రాశాడు. అన్నం, రొట్టె బాగా తగ్గించి కూరగాయలు, గుడ్లు, చేపలు పెంచాలని ఒక కాగితం చేతికిచ్చాడు. తల ఎత్తకుండానే, "ఈ కాగితం మీ ఇంట్లో వండేవాళ్ళకు చూపించండమ్మా, వాళ్ళకు తెలియాలి" అన్నాడు. "అలాగే సార్, చూపిస్తాను" అంది ఆమె. మెట్లు దిగుతూ ఆ కాగితం తెరిచి తనకు తాను చూపించుకుంది. ముందు నవ్వొచ్చింది. మెట్ల మలుపులో గోడకు ఆనుకుని, ఎవరూ రాకముందే ఏడవాలని తొందరతొందరగా ఏడ్చింది.

సాయంత్రం ఇంటికెళ్ళేసరికి ఆయన సోఫాలో కూర్చుని, సభలో తెర మీద వేయడానికి పాత ఫోటో, కొత్త ఫోటో పక్కపక్కన పెట్టి చూసుకుంటున్నాడు. "ఇది బావుందా, ఇందులో పొట్ట ఇంకా బాగా కనిపిస్తోంది కదూ?" ఆమె రిపోర్టు ఆ రెండు పొట్టల మీద పెట్టింది.

ఆయన చదివాడు. "ల్యాబుల్లో తప్పులు జరుగుతూనే ఉంటాయి."

"అది మా ల్యాబేనండీ."

"కాదు, నీకెలా వస్తుంది? మనింట్లో ఇంత ఆరోగ్యంగా తింటుంటేను!"

'మనింట్లో' అన్న మాట ఆమెకు నషాళానికి అంటింది. ఏం తింటోందో చెప్పింది. అరిచి కాదు, కౌంటర్ దగ్గర పేషెంటు వివరాలు చదివినంత మామూలుగా. అడుగంటిన అన్నం. అత్తయ్య వదిలేసింది. పాప బాక్సులోది. మీ పులుసు. ఆయన అంతా విని, నిజంగానే అర్థంకానట్టు మొహం పెట్టి అన్నాడు. "అవన్నీ నిన్నెవరు తినమన్నారు? పారేయొచ్చుగా?"

నిజమే. ఎవరూ తినమనలేదు. ఆ ఇంట్లో ఇరవై ఏళ్ళలో ఏ పనీ ఎవరూ ఆమెను చేయమనలేదు. పెళ్ళైన కొత్తలో ఆమె ఒకసారి మిగిలిన కూర పారబోస్తే అత్తగారు ఏమీ అనలేదు, చెత్తబుట్టలోకి తొంగి చూసి నిట్టూర్చింది. ఒకరోజు అందరితో పాటు కూర్చుని తిన్నప్పుడు, అప్పటికి బతికున్న మామగారు ఏమీ అనలేదు, మంచినీళ్ళ గ్లాసు ఖాళీగా ఉందని దాన్ని టేబుల్ మీద రెండుసార్లు కొట్టారు. ఆమె లేచింది. అలా లేచిన మనిషి మళ్ళీ కూర్చోలేదు. ఒక్క మాట అనకుండా మనిషిని ఎలా నిలబెట్టాలో ఈ ఇంటికి తెలిసినంత బాగా ఎవరికీ తెలియదు. ఇప్పుడు అదే ఇల్లు చేతులు దులుపుకుని, నిన్నెవరు నిలబడమన్నారు అంటోంది. ఇంతకంటే తిట్టినా బావుండేది. తిడితే ఎదురు తిరగడానికి ఒక మాట ఉంటుంది. ఆమెకు మొదటిసారి తన మీద తనకే కోపం వచ్చింది, ఆ కోపం ఎంతోసేపు తన మీదే ఉండలేదు.

పక్క గదిలోంచి అత్తగారు వచ్చింది. "ఈ మాత్రానికి ఇంత గొడవెందుకమ్మాయ్? నేనూ అంతే కదా. మీ మామగారు తిన్నాక, పిల్లలు తిన్నాక, ఏముంటే అది తిన్నాను. నాకేమైంది?"

"మీకేమీ కాలేదా అత్తయ్యా?" అంది ఆమె. "షుగరుకు రోజుకు నాలుగు మాత్రలు. అరికాళ్ళు మంటలని నిద్రపోరు. పోయినేడు బొటనవేలు తీసేస్తామన్నారు. ఇవన్నీ ఎక్కడినుంచి వచ్చాయి మరి?"

 అత్తగారు కుర్చీ లాక్కుని కూర్చుని, తన పాదాల కేసి చూసుకుంది. 

"రేపట్నుంచి నేనూ మీ తిండే తింటాను" అంది ఆమె ఆయనతో. "గ్రూపులో నా పేరు కూడా చేర్చమని రాస్తాను. కొత్తవాళ్ళు రిపోర్టు పెట్టాలిగా, ఇదే పెడతాను."

అప్పుడు కదిలాడు ఆయన. ఫోటోలు పక్కన పెట్టి, ఆమె చెయ్యి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకున్నాడు. "చూడు, తిను, నేనేం కాదనను. కానీ గ్రూపులో మాత్రం ఆదివారం దాకా ఆగు. కెప్టెన్ ఇంట్లోనే షుగరంటే నా పరువేం కావాలి? కోచ్ నన్ను స్టేజీ మీద ఏమని పరిచయం చేస్తాడు? నాలుగు రోజులే కదా. సభ అయిపోగానే నీ సంగతి కూడా చూద్దాం. సరేనా?"

ఎంత మెత్తగా అడిగాడో! ఆయనలో ఆమెకు నచ్చేది ఆ మెత్తదనమే. ఆ మెత్తదనానికే ఇరవై ఏళ్ళు కరుగుతూ వచ్చింది. ల్యాబ్‌లో సూపర్‌వైజర్ పరీక్ష రాస్తానంటే, ఆడపడుచు పెళ్ళి అయ్యేదాకా ఆగమన్నాడు. పెళ్ళయ్యాక ఆయన ప్రమోషన్ వచ్చేదాకా. అది వచ్చాక పాప పదో తరగతి దాకా. ఇప్పుడు ఆ పరీక్షకు వయసు దాటిపోయింది, తనకంటే ఎనిమిదేళ్ళు చిన్నమ్మాయి సంతకం పెడితే గానీ ఆమెకు సెలవు దొరకదు. అప్పుడు ఆగింది ఉద్యోగం. ఇప్పుడు ఆగమంటున్నది రక్తం. రక్తం ఆగదని ఆమెకు వృత్తిరీత్యా తెలుసు. చెయ్యి విడిపించుకుని లేచింది. సరేనని అనలేదు. ఆమె ఏమీ అనకపోతే సరేనన్నట్టే అనుకోవడం ఆయనకు అలవాటు గనక, ఆయన మళ్ళీ ఫోటోల్లో పడ్డాడు.

గురువారం పొద్దున ఆమె ఒకటే కాలీఫ్లవర్ తీసింది. తురిమి, పిండి, వేయించింది. నాలుగు గుడ్లు, ఇంత ఆకుకూర. సరిగ్గా సగం సగం చేసి రెండు పళ్ళేల్లో పెట్టింది. అత్తగారికి ఒక్క గిన్నెడు అన్నం, ఆవిడ తినేంతే. పాప బాక్సులో రెండే రొట్టెలు. మిగలడానికి ఏమీ లేదు. డైనింగ్ టేబుల్‌కు నాలుగు కుర్చీలు. నాలుగోదాని మీద ఎప్పుడూ ఇస్త్రీ బట్టల దొంతర ఉండేది. ఆ దొంతర తీసి సోఫాలో, సరిగ్గా ఆయన కూర్చునే చోట పెట్టి, తాను కుర్చీలో కూర్చుంది.

ఆయన తన పళ్ళెం చూసుకుని, ఆమె పళ్ళెం చూశాడు. "ఏంటి, నాదాంట్లో సగం తీసేసుకున్నావు?"

"మీదాంట్లో తీసుకోలేదు. చేసిందే ఇద్దరికీ."

"ఇది నాకేం సరిపోతుంది?"

"ఇంకో పువ్వు ఫ్రిజ్‌లో ఉంది. తురుముపీట అదిగో. ముప్పావు గంట పడుతుంది."

"నాకు ఆఫీసుకు టైమవుతోంది!"

"నాక్కూడా" అని ఆమె మొదటి ముద్ద నోట్లో పెట్టుకుంది. ఆరు నెలలుగా వండుతున్న దాని రుచి ఆమెకు అప్పుడే తెలిసింది. ఉప్పు కాస్త తక్కువైంది. ఇన్నాళ్ళూ చెప్పలేదే ఈ మనిషి అనుకుంది. అచ్చం అన్నంలా ఏమీ లేదు. కానీ బావుంది, కూర్చుని తింటే ఇంకా బావుంది. పాప బ్యాగు తగిలించుకుంటూ ఆగి, "అమ్మా, నువ్వు కూర్చుంటే వేరే ఎవరిలాగో ఉన్నావు" అంది. అత్తగారు తన గిన్నె తానే సింకు దాకా మోసుకెళ్ళింది. ఆయన మొహం మాడ్చుకుని సగం పళ్ళెం తినేసి, అలవాటు కొద్దీ ఇంకా వస్తుందేమోనని ఒక నిమిషం కూర్చుని, లేచి వెళ్ళిపోయాడు. ఆ నిమిషం కూర్చోవడానికి ఆమెకు చాలా బలం కావాల్సి వచ్చింది. కాళ్ళు లేవమని గోల పెట్టాయి. కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుంది.

సాయంత్రానికి ఆయన అలక తీరింది. ఏడుంపావుకు ఎప్పట్లాగే ఫోను తెచ్చి ఆమె ముందు పెట్టాడు. "ఇవాళ్టిది రాసెయ్. పొద్దుటి ఫోటో తీయనేలేదు, పాతది ఏదో ఒకటి పెట్టెయ్."

ఆమె చాలాసేపు రాసింది. కొట్టేసి మళ్ళీ రాసింది. అబద్ధం ఒక్కటీ లేకుండా, ఎవరినీ తిట్టకుండా రాయాలనుకుంది.

'గ్రూపులో అందరికీ నమస్కారం. ఆరు నెలలుగా ఈ నంబరు నుంచి వంటలు రాసింది, మీ సందేహాలకు జవాబులు ఇచ్చింది కెప్టెన్ గారు కాదు. ఆయన భార్యను, నేను. ఆయన నోరు కట్టుకున్న మాట నిజం, పద్నాలుగు కిలోలు తగ్గిన మాటా నిజం. అది ఆయన కష్టమే. వండింది నేను. నేను మాత్రం ఈ తిండి తినలేదు, ఇంట్లో మిగిలింది తిన్నాను. నా రిపోర్టు కింద పెడుతున్నాను. ఈ రోజు పొద్దున మొదటిసారి ఆయనతో పాటు కూర్చుని ఇదే తిన్నాను. నన్ను కూడా సభ్యురాలిగా చేర్చుకోమని కోరుతున్నాను.'

"పంపేముందు ఒకసారి చదవండి" అంది ఫోను చాపి.

ఆయన టీవీలోంచి కళ్ళు తిప్పలేదు. "నువ్వు రాస్తే తిరుగేముంది, పంపెయ్."

"చదవండి. మీ పేరుతో వెళ్తోంది."

"అబ్బా, పంపెయ్యవే!"

పంపేసింది.

 నిమిషం తర్వాత ఆయన చెవులు నిక్కబొడుచుకునేలా మెసేజీల చప్పుడు. ఒకటి, రెండు, వరసగా. రోజూ మెచ్చుకోళ్ళు వినే అలవాటున్న మనిషి కదా, "ఏమంటున్నారు?" అని నవ్వుతూ ఫోను అందుకున్నాడు. చదువుతుంటే నవ్వు మొహం మీదే ఎండిపోయింది. "ఏం చేశావు నువ్వు? నన్ను బజారుకీడ్చావు! తీసెయ్! ఎలా తీసెయ్యాలి దీన్ని?"  ఏదో నొక్కబోయి ఏదో నొక్కాడు. ఈలోగా మరో నాలుగొచ్చాయి. వాటిమీద ఆయన కళ్ళు ఆగిపోయాయి. అరుపు ఆగిపోయింది. చూడమన్నట్టు ఫోను ఆమె వైపు చాపాడు.

బ్యాంకు మేనేజరు గారి నంబరు నుంచి వచ్చింది మొదటిది. 'అమ్మా, నేను వారి మిసెస్‌ని. ఈ నంబరు నుంచి రోజూ రాసేది కూడా నేనే.'

రిటైర్డ్ ఇంజినీరు గారి నంబరు నుంచి, 'నేను వాళ్ళ కోడలిని. మామయ్యగారికి టైపింగ్ రాదు. నాకు వంట, టైపింగ్ రెండూ వచ్చు.'

నెలకోసారి కండలు చూపిస్తూ ఫోటోలు పెట్టే జిమ్ కుర్రాడి నంబరు నుంచి, 'వాడి అమ్మనమ్మా. ఎముకల సూపు గురించి అడిగింది నేనే.'

ఇంకొకటి. ఇంకొకటి. కొందరు ఒక్క మాటే రాశారు. నేనూ. నేనూ. డెబ్భై మంది మగవాళ్ళున్న గ్రూపులో అరగంట తిరక్కుండా ఇరవై ఆరుమంది ఆడవాళ్ళు తేలారు. రోజూ ఆ వేళకు సార్ సార్ అంటూ పలకరించుకున్నదంతా తామే. కోచ్ ఏదో రాయబోతున్నట్టు చుక్కలు కదులుతున్నాయి, ఆగిపోతున్నాయి, మళ్ళీ కదులుతున్నాయి.  ఇన్నాళ్ళూ ఆమె తాను ఒక్కతే ఒక మగవాడి పేరు చాటున దాక్కుని మాట్లాడుతున్నాననుకుంది. అవతల కూడా ఎవరో దాక్కునే జవాబిస్తున్నారని ఏనాడూ తట్టలేదు.

బ్యాంకు మేనేజరు గారి భార్య మళ్ళీ రాసింది. 'మీ రిపోర్టు చూశాక భయం వేస్తోందమ్మా. నేను జన్మలో పరీక్ష చేయించుకోలేదు. ఎక్కడికి రావాలి?' దాని కింద కోడలు, 'నేను కూడా.' దాని కింద అమ్మ, 'నేనూ వస్తాను.'

ఆమె తన ఫోన్ తీసి డాక్టరమ్మకు చేసింది. రెండు నిమిషాలు మాట్లాడింది. ల్యాబ్ తరఫున క్యాంపులు పెట్టడం డాక్టరమ్మకు కొత్తేమీ కాదు. "ఎంతమంది?" అని అడిగి, "రీఎంట్రీ అక్కను కూడా తీసుకెళ్ళు, ఆవిడ చెయ్యి కుదురుకుంటుంది" అంది. ఆమె ఆయన ఫోన్ తీసుకుని మళ్ళీ రాయడం మొదలెట్టింది. ఆయన పక్కనే నిలబడ్డాడు. అరవాలో వద్దో తెలియని మనిషిలా, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియని మనిషిలా.

రాయడం అయ్యాక ఈసారి ఆమె చాపకముందే ఆయన ఫోను అందుకున్నాడు. మొదటి అక్షరం నుంచి చివరిదాకా, పెదవులు కదుపుతూ చదివాడు.

'ఆదివారం సభకు ఆడవాళ్ళందరూ ఒక గంట ముందు, పరగడుపున రండి. మా ల్యాబ్ నుంచి నేనూ, మా అక్కా ట్యూబులు, సూదులు తెస్తాం. అందరికీ అక్కడే రక్తం తీస్తాం. పరగడుపున రక్తం ఇచ్చాక ఏదైనా తినాలి. మీ అందరికీ ఆ పొద్దుటి వంట కెప్టెన్ గారు చేసి తెస్తారు.'

"నేనా?" అన్నాడు. గొంతు కీచుగా పలికింది. "నాకు వంట రాదని నీకు తెలియదూ?"

"తెలుసు" అంది ఆమె, ఆయన చేతిలోంచి ఫోను తీసుకుని. "ఆదివారానికి మధ్యలో ఇంకా రెండు రోజులున్నాయి కదండీ. నేర్చుకోండి."

అని, పంపేసింది.